వంటిల్లు చూసి బుక్ చేయండి: ఫ్రాన్స్ పల్లెటూరి హోటళ్ళ గురించి

ఫ్రాన్స్ పల్లెల్లో బస వెతికేటప్పుడు అందరూ ముందు గది ఫొటోలు చూస్తారు. రాతి గోడ, తీగ పాకిన కిటికీ, తెల్లటి దుప్పటి. ఇవి దాదాపు ప్రతి హోటల్‌కీ ఉంటాయి. నేను మాత్రం రాత్రి భోజనం సంగతి ముందు కనుక్కుంటాను. అక్కడే వండుతున్నారా, వండేది యజమానేనా, వారంలో ఏ రోజు వంటిల్లు మూస్తారు? ఇవి తెలిస్తే ఆ బస ఎలా ఉంటుందో ముప్పాతిక వంతు తెలిసిపోయినట్టే. నైరుతి ఫ్రాన్స్‌లోని తులూజ్ నగరంలో కాపురం ఉంటూ, సెలవు దొరికినప్పుడల్లా లోత్, అవెరోన్ జిల్లాల పల్లెల్లో తిరగడం వల్ల నాకు కుదిరిన అభిప్రాయం ఇది. ఈ రివ్యూ కూడా ఆ రెండు జిల్లాల్లో ఉన్న చిన్న హోటళ్ళ గురించే.

మావారు ఇక్కడ విమానాల డిజైన్ పనిలో ఉన్నారు. ఆ పని మీద తులూజ్ వచ్చిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి, మా పరిచయాలన్నీ అలా ఏర్పడినవే. నాకు హోటళ్ళ విషయంలో పట్టింపు ఎక్కువ. మా నాన్నగారు రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండ్ దగ్గర లాడ్జి నడిపారు. దుప్పట్లు చాకలికి వేసి లెక్క రాసుకోవడం అమ్మ పని. ఈ రోజుకీ అమ్మ ఏ హోటల్ గదిలో అడుగుపెట్టినా ముందు బాత్రూమ్ మూలలు చూస్తుంది. తర్వాత పరుపు అంచు ఎత్తుతుంది, కుళాయి తిప్పి వేడినీళ్ళు ఎంతసేపటికి వస్తాయో చూస్తుంది. మా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆవిణ్ణి వెంట తీసుకెళ్తాను. గుడ్డు కూడా ముట్టని మనిషి. కాబట్టి నేను ఇక్కడ మెచ్చుకున్నవన్నీ ఆవిడ తనిఖీలో నెగ్గినవే.

ఈ పల్లెల్లో నాకు తెలిసిన మంచి బసలు రెండు రకాలు. ఓబెర్జ్ అంటే కింద భోజనశాల, పైన ఏడెనిమిది నుంచి పదిహేను దాకా గదులు. చర్చి ఎదురుగానో, వంతెన పక్కనో, సంత జరిగే చోటో ఉంటుంది. కొన్నిటికి గుర్రపు బండ్ల కాలం నాటి చరిత్ర ఉంది. తపాలా బండ్లు గుర్రాలు మార్చుకునే మజిలీలు ఈ దేశంలో 1873 దాకా నడిచాయి. అలాంటి ఇంటి వాకిలి చూస్తే బండి నేరుగా లోపలికి వెళ్ళేలా కట్టారని తెలిసిపోతుంది. ఆ తర్వాత రోడ్డు మీదికి కార్లు వచ్చాయి. టైర్ల కంపెనీ మిషెలిన్ 1900లో మొదటి గైడ్ వేసింది, కారు ఎక్కడ బాగుచేయించుకోవాలో, రాత్రి ఎక్కడ పడుకోవాలో చెప్పడానికి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పల్లెల్లోని కుటుంబ హోటళ్ళను నిలబెట్టడానికి లోజీ ద ఫ్రాన్స్ అనే సంఘం పుట్టింది. ఇప్పుడు దాన్ని లోజీ హోటెల్ అంటున్నారు. పెద్ద గొలుసు హోటళ్ళలా కాకుండా దీనిలో ప్రతి హోటల్‌కీ యజమాని వేరే. ఊళ్ళో ఏ హోటలూ తెలియనప్పుడు నేను ముందు ఆ బోర్డు కోసం చూస్తాను.

రెండో రకం షాంబ్ర్ దోత్. ఒక కుటుంబం తాము ఉంటున్న ఇంట్లోనే కొన్ని గదులు అద్దెకివ్వడం. చట్టం ప్రకారం ఐదు గదులకు మించి ఉండకూడదు, పదిహేను మందికి మించి దించుకోకూడదు. ఊరి మేరీలో, అంటే మన పంచాయతీ ఆఫీసు లాంటి చోట, నమోదు చేయించాలి. పొద్దుటి ఫలహారం, దుప్పట్లు, తువ్వాళ్ళు గది ధరలోనే కలిసి ఉండాలి. కొందరు రాత్రి భోజనం కూడా పెడతారు. దాన్ని తాబ్ల్ దోత్ అంటారు. అందరికీ ఒకటే బల్ల, ఒకటే వంట, ఆ ఇంట్లో దిగినవాళ్ళకు మాత్రమే. మన పాత పూటకూళ్ళ ఇంటి పద్ధతే అది. ఆ రోజు ఆవిడ ఏం వండితే అదే మన భోజనం. కావాలంటే ముందు రోజే చెప్పాలి.

ఇక లోత్ లోయ. తులూజ్ నుంచి కారులో కాఓర్‌కి గంటన్నర లోపే. అక్కడ మూడు బురుజుల వాలాంత్రే వంతెన చూసుకుని, నది వెంట తూర్పుకి తిరిగితే అరగంటలో సాన్ సిర్ లపోపి వస్తుంది. నదికి బాగా ఎత్తున, కొండ అంచు మీద కట్టిన ఊరు. ఆంద్రే బ్రెతోన్ అనే కవి 1950లో ఈ ఊరు చూసి ముచ్చటపడి ఇక్కడే ఇల్లు కొనుక్కున్నాడు. 2012లో ఫ్రెంచివాళ్ళకు ఇష్టమైన గ్రామంగా టీవీ పోటీలో గెలిచింది. అప్పటి నుంచి జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం పూట సందుల్లో నడవడానికి చోటుండదు. అందుకని మేము కొండ మీద దిగం. కింద వంతెన అవతల, తూర్ ద ఫోర్ వైపు ఉన్న ఓబెర్జ్‌లో దిగుతాం. సాయంత్రం టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక నడిచి పైకి వెళ్తాం. అప్పుడు ఊరు ఊరివాళ్ళదే. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చున్న ముసలాయన కూడా "బోన్‌స్వార్" అని పలకరిస్తాడు.

ఆ ఓబెర్జ్‌లో లిఫ్ట్ లేదు. చెక్క మెట్లు సన్నగా, మెలి తిరిగి ఉంటాయి, పెట్టె పెద్దదైతే ఇబ్బందే. గదిలో నేల ఆరు మూలల ఎర్రమట్టి పలకలు, వందేళ్ళ పాటు మైనం రాసి రాసి నునుపు దేరినవి. పైకప్పు దూలాలు వాలుగా ఉన్న మూల మావారు తల వంచి తిరగాలి. ఏసీ లేదు. గోడ మందం మూర కన్నా ఎక్కువే ఉంటుంది. పగలంతా కిటికీల చెక్క తలుపులు మూసి ఉంచి సాయంత్రం తెరిస్తే, జులైలో కూడా దుప్పటి కప్పుకునే పడుకుంటాం. మధ్యాహ్నం మీరు గదిలోకి రాగానే వెలుతురు కోసం ఆ తలుపులు తెరిచేస్తే మాత్రం రాత్రంతా ఉక్కపోతే. ఇది హోటల్‌వాళ్ళు చెప్పరు, వాళ్ళకది చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతి.

మంచం వెడల్పు 140 సెంటీమీటర్లు. ఇద్దరికి అంతే ఇస్తారు ఇక్కడ, పాత హోటళ్ళలో ఇది మామూలు. విడివిడిగా రెండు మంచాలు కావాలంటే బుక్ చేసేటప్పుడే అడగాలి. తలవైపు మంచం పొడవునా గుండ్రటి బోల్‌స్టర్ ఒకటి ఉంటుంది. అమ్మ దాన్ని చూసి "ఇదేమిటే, పసిపిల్ల దొర్లి పడకుండా పెట్టినట్టు" అంది. మెత్తటి దిండ్లు అల్మరా పై అరలో ఉంటాయి, వెతికితే దొరుకుతాయి. బాత్రూమ్ చిన్నది, మూలలు శుభ్రం. వేడినీళ్ళు వెంటనే వచ్చాయి. దుప్పటి ఇస్త్రీ గట్టిగా, గంజి వాసనతో ఉంది. అమ్మకి అక్కడే నచ్చేసింది.

గంటల మోత సంగతి ముందే చెప్పడం మంచిది. చర్చి గంట గంటగంటకీ మోగుతుంది, చాలా ఊళ్ళలో అదే సంఖ్య ఇంకోసారి మోగుతుంది, మొదటిసారి లెక్క తప్పినవాళ్ళ కోసం. కొన్నిచోట్ల రాత్రి ఆపుతారు, కొన్నిచోట్ల ఆపరు. తెల్లవారుజామున కోడి కూడా ఉంటుంది. దీని మీద ఫిర్యాదు చేసి లాభం లేదు. ఓలెరోన్ దీవిలో మొరీస్ అనే కోడిపుంజు కూతల మీద కేసు వేస్తే 2019లో కోర్టు కోడి పక్షానే తీర్పు ఇచ్చింది. 2021 జనవరిలో పల్లెల శబ్దాలకు, వాసనలకు రక్షణగా ఏకంగా ఒక చట్టమే చేశారు. నిద్ర తేలికైనవాళ్ళు చెవుల్లో పెట్టుకునే దూది ఉండలు తెచ్చుకోండి, లేదా తోటవైపు గది అడగండి. నా మట్టుకు నాకు గోదావరి గట్టు మీది గుడి గంటల మధ్య పెరగడం వల్ల అది ఇబ్బంది అనిపించలేదు.

భోజనం ఏడున్నరకి. తొమ్మిది దాటితే వంటిల్లు మూసేస్తారు, తర్వాత ఎంత డబ్బిచ్చినా ఏమీ రాదు. మధ్యాహ్నం కూడా పన్నెండు నుంచి ఒకటిన్నర లోపు కూర్చోవాలి. మన ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలకు దీనితోనే ఎక్కువ టెన్షన్, తొమ్మిదిన్నరకి నెమ్మదిగా బయల్దేరి తిందాం అనుకునే అలవాటు కదా. ఇక్కడ ఆ టైముకి ఊరు మొత్తం పడుకుంటుంది, చుట్టుపక్కల ఇరవై కిలోమీటర్లలో ఒక్క కొట్టు తెరిచి ఉండదు. అందుకే దెమి పాన్సియోన్ తీసుకోమంటాను. గది, రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం కలిపి ఒక ధర. విడివిడిగా తీసుకునేదానికన్నా కొంచెం తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యం, మీరు వస్తారని వంటావిడకి ముందే తెలుస్తుంది.

ఈ ప్రాంతం బాతుల రాజ్యం. బాతు కాళ్ళను దాని కొవ్వులోనే గంటలకొద్దీ ఉడికించి పెడతారు. పక్కన వచ్చే సార్లదేజ్ బంగాళాదుంపలు చూడ్డానికి మన వేపుడులా ఉంటాయి, కానీ వేయించేది బాతు కొవ్వులో. వెల్లుల్లి సూప్ కూడా అంతే. సలాడ్ అంటే ఆకులే అనుకోకండి, దానిలో బాతు గుండెకాయో, పంది మాంసం ముక్కలో వేస్తారు. మేకపాల రొకమదూర్ చీజ్, అరచేతిలో ఇమిడే 35 గ్రాముల చిన్న బిళ్ళ, చాలా బాగుంటుంది. కానీ చీజ్ కోసం పాలు విరవడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. అది తెలిశాక అమ్మ ఇక్కడ చీజ్ మానేసింది. ఇన్ని అడ్డంకుల మధ్య శాకాహారి తినగలదా? తినగలదు, యజమానే వండే చోట. నేను వారం ముందే ఫోన్ చేసి చెప్పాను. మాంసం, చేప, గుడ్డు, జంతువుల కొవ్వు, చీజ్ వద్దు, పాలు, వెన్న, మీగడ ఫర్వాలేదు. అవతలి నుంచి కొంచెంసేపు మౌనం, తర్వాత "అర్థమైంది, నేను చూసుకుంటా" అన్న మాట. ఆ రాత్రి అమ్మ ముందుకి వచ్చినవి: కూరగాయలు ఉడికించిన నీళ్ళతోనే చేసిన సూప్, అక్రోట్లు, అక్రోట్ నూనె కలిపిన ఆకుకూరలు, నూనెలో వేయించిన దుంపలు, వెన్నలో మగ్గించిన అడవి పుట్టగొడుగులు. ఆ పుట్టగొడుగుల వాసనకి మా బల్ల మీది బాతు వెలవెలబోయింది.

పక్క బల్ల మీద ఇద్దరు పెద్దాయనలు సూప్ చివరి రెండు చెంచాలు మిగలగానే దానిలో ఎర్ర వైన్ పోసి, పళ్ళెం రెండు చేతులతో ఎత్తి తాగేశారు. దాన్ని షాబ్రో అంటారు, ఈ నైరుతి పల్లెల పాత అలవాటు. ఆ వైన్ కాఓర్ వైన్. చిక్కటి నలుపు, మాల్బెక్ ద్రాక్షతో చేసేది. తాగే అలవాటు లేనివాళ్ళు మొహమాటపడనక్కర్లేదు. కేరాఫ్ అనే గాజు కూజా నిండా మంచినీళ్ళు, బుట్ట నిండా రొట్టె ఉచితంగానే ఇస్తారు, అడగండి చాలు. బాటిల్ నీళ్ళు కొనాల్సిన పని లేదు.

పొద్దుటి ఫలహారం గురించి చెప్పేది తక్కువే. రొట్టె, వెన్న, ఇంట్లో చేసిన జామ్, కాఫీ. వేడిగా ఏమీ ఉండదు. ఇడ్లీ, ఉప్మాలకి అలవాటు పడ్డ కడుపుకి ఇది చాలదు, పక్కన ఏదైనా పెట్టుకోండి. ఆ ఓబెర్జ్‌లో రేగు జామ్ మాత్రం అడిగి ఇంకో సీసా తెప్పించుకునేంత బాగుంది. అక్కడి నుంచి దగ్గరే పెష్ మెర్ల్ గుహ ఉంది, 1922లో బయటపడింది, వేల ఏళ్ళ నాటి చుక్కల గుర్రాల బొమ్మలు అసలువే చూడొచ్చు. రోజుకి ఇంతమందినే అని లెక్క పెట్టి పంపుతారు కాబట్టి టికెట్ ముందే తీసుకోవాలి.

కోస్ మీద, అంటే లోత్ నదికి దక్షిణాన ఉన్న సున్నపురాయి పీఠభూమి మీద, లాల్బెంక్ వైపు దిగిన షాంబ్ర్ దోత్ ఇంకో తరహా. రాళ్ళు పేర్చిన గోడలు, పొట్టి ఓక్ చెట్లు, గొర్రెలు. ఇంటి మూల చదరపు పావురాల గోపురం, దాని మీద పెంకుల కప్పు. ఒకప్పుడు పావురాల రెట్ట పొలాలకి ఎరువుగా వెళ్ళేదట. ఇప్పుడు ఆ గోపురంలోనే ఒక గది. లాల్బెంక్‌లో డిసెంబర్ నుంచి మార్చి దాకా మంగళవారం మధ్యాహ్నం నల్ల ట్రఫుల్ సంత జరుగుతుంది, ఓక్ చెట్ల వేళ్ళ దగ్గర నేలలో పెరిగే ఖరీదైన పుట్టగొడుగులవి. పొడవాటి బెంచీల మీద చిన్న బుట్టలు, తాడుకి అటు అమ్మేవాళ్ళు, ఇటు కొనేవాళ్ళు. మేము దిగిన ఇంటి యజమాని కూడా తన ఓక్ తోటలో తీసినవి అక్కడే అమ్ముతాడు. రాత్రి బల్ల దగ్గర బెల్జియం నుంచి వచ్చిన టీచరమ్మలు ఇద్దరు, మేము, ఇంటివాళ్ళు. నాకొచ్చిన ఫ్రెంచ్‌తోనే రెండున్నర గంటలు గడిచిపోయాయి. ఇంటావిడ అమ్మని "మీ ఊళ్ళో నది ఎంత వెడల్పు?" అని అడిగింది. "అవతలి ఒడ్డుకి రైలు వెళ్ళడానికి రెండు మైళ్ళ వంతెన" అని అమ్మ చెబితే, నేను దాన్ని ఫ్రెంచ్‌లో చెప్పాక, ఆ ఇంటి యజమాని రెండోసారి అడిగి మరీ నిర్ధారించుకున్నాడు. ఈ మాటలన్నీ దొరకాలంటే తాబ్ల్ దోత్ ఉన్న ఇల్లే ఎంచుకోండి. కలుపుగోలుగా ఉండటం ఇష్టం లేనివాళ్ళకి మాత్రం ఇది కుదరదు. కొత్తవాళ్ళ మధ్య ఇరుక్కుపోయినట్టు అనిపిస్తుంది.

వేరే జిల్లాలో మావారి ఆఫీసు స్నేహితులు అందరం కలిసి వెళ్దామని ఒక పాతకాలపు బంగళా బుక్ చేశారు. పేరు చెప్పను. ఫొటోలు అద్భుతం, ఈతకొలను, పట్టు తెరలు, అన్నీ నిజమే. యజమాని ఊళ్ళో ఉండడు, సాయంత్రం ఏడు తర్వాత రిసెప్షన్‌లో ఎవరూ ఉండరు. శాకాహారం గురించి రాసిన మెయిల్‌కి జవాబు లేదు. భోజనం ప్యాకెట్లలో వచ్చింది, వేడి చేసి పెట్టారు. నాకు బాధ కలిగించింది గది ధర కాదు, అంత పెద్ద వంటగది చల్లగా పడి ఉండటం. ఆ తర్వాత నుంచి తలుపు మీద "ఫె మెజోన్" గుర్తు కోసం చూస్తున్నాను. ఇంటి కప్పులా ఉండే మూత పెట్టిన గిన్నె బొమ్మ అది. పచ్చి సరుకుతో అక్కడే వండిన వంటకాలకే ఆ గుర్తు వాడాలని 2014లో నిబంధన వచ్చింది. మేత్ర్ రెస్తోరతర్ అనే ప్రభుత్వ బిరుదు పలక కనిపిస్తే ఇంకా ధైర్యం.

ఇక నా మనసుకి అన్నిటికన్నా దగ్గరైనది ఒబ్రాక్. అవెరోన్ ఉత్తరాన, వెయ్యి మీటర్ల పైన ఉన్న పచ్చిక మైదానం. తులూజ్ నుంచి మూడు గంటల దారి. ఎస్పలియోన్ దాటాక రోడ్డు ఎక్కుతూనే ఉంటుంది, చెట్లు తగ్గిపోతాయి, చివరికి గడ్డి, నల్లరాళ్ళు, కాటుక పెట్టుకున్నట్టుండే కళ్ళతో గోధుమరంగు ఆవులు. కత్తులకు పేరుమోసిన లాయోల్ ఊరు ఇక్కడిదే. ల పుయి అనే ఊరి నుంచి స్పెయిన్‌లోని సంతియాగో వెళ్ళే క్రైస్తవ యాత్రికుల కాలిబాట ఈ మైదానం మీదుగానే పోతుంది. నాస్బినాల్ నుంచి సాన్ షెలి దొబ్రాక్ దాకా ఉన్న భాగాన్ని 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. 12వ శతాబ్దంలో ఇక్కడ సన్యాసులు ఆశ్రమం కట్టి, మంచులో దారి తప్పిన యాత్రికుల కోసం గంట మోగించేవారు, అన్నం పెట్టేవారు. ఆ పని ఇప్పుడు ఓబెర్జ్‌లు చేస్తున్నాయి. మేము దిగిన చోట గుమ్మం పక్కన బురద బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి, లోపల పెద్ద పొయ్యిలో కట్టెలు మండుతున్నాయి, అది జూన్ నెల.

అలిగో ఇక్కడి వంట. ఉడికించి మెదిపిన బంగాళాదుంపల్లో వెన్న, మీగడ, వెల్లుల్లి కలిపి, ఇంకా మాగని తోమ్ అనే తాజా చీజ్ వేసి, పొయ్యి మీదే పెద్ద చెక్క తెడ్డుతో తిప్పుతారు. తిప్పగా తిప్పగా అది ముద్దలా ఉండటం మానేసి తీగలు సాగుతుంది. వడ్డించేటప్పుడు తెడ్డు తలకన్నా పైకెత్తి, పళ్ళెంలోకి జారవిడిచి, తీగ తెంపుతారు. మామూలుగా పక్కన సాసేజ్ పెడతారు, వద్దంటే మానేస్తారు. చీజ్ పట్టింపు లేని శాకాహారులు ఈ ఒక్క వంటకం కోసం ఒబ్రాక్ దాకా రావచ్చు. వేడివేడిగా తినాలి, చల్లారితే గట్టిపడుతుంది.

అమ్మ ముందే ఫోన్‌లో చెప్పించిన విషయాలు యజమానురాలికి గుర్తున్నాయి. మేము కూర్చోగానే వచ్చి, అమ్మని వంటింట్లోకి రమ్మని చేయి పట్టుకుని తీసుకెళ్ళింది. వెనకాలే నేను. నల్లటి ఇనప పొయ్యి, గోడకి రాగి గిన్నెలు, బల్ల మీద రేపటి రొట్టె పిండి గుడ్డ కప్పి ఉంది. చీజ్ వేయకముందే దుంపల ముద్ద ఒక గిన్నెడు తీసి పక్కన పెట్టింది, "ఇది మీ అమ్మగారికి" అంటూ. ల పుయి పచ్చ పప్పు, క్యారెట్టు, అడవి తులసి లాంటి ఆకు వేసి విడిగా ఉడుకుతోంది, దాని తెడ్డు కూడా వేరే. అమ్మ ఆ గిన్నెలన్నిటినీ ఒకసారి చూసి, మాట్లాడకుండా చీర కొంగు దోపుకుని, పెద్ద తెడ్డు అందుకుంది. ఆవిడ కూడా ఏమీ అనకుండా గిన్నె పట్టుకుంది. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ కలిసి ఇరవై మందికి సరిపడా అలిగో తిప్పారు. అమ్మ దాన్ని తినలేదు, కానీ తీగ సాగే అదను కనిపెట్టింది తనే, చేత్తో సైగ చేసి ఆపించింది. నాకు తెలిసిన ఏ ఐదు నక్షత్రాల హోటల్‌లోనూ ఇది జరగదు. వండేవాళ్ళు, వడ్డించేవాళ్ళు, ఇంటివాళ్ళు ఒకరే అయిన చోట మాత్రమే జరుగుతుంది. నేను గది ఫొటోలు పట్టించుకోవద్దనడానికి కారణం ఇదే.

లోపాలు లేవని కాదు. ఆ ఓబెర్జ్‌లో టాయిలెట్ వరండా చివర ఉంది, రాత్రి స్వెటర్ వేసుకుని వెళ్ళాలి. వైఫై కింద భోజనశాలలోనే. చెక్క నేల మీద పై గదివాళ్ళు నడిస్తే కిర్రుమంటుంది, నడక యాత్రికులు ఆరింటికే లేస్తారు. మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దవాళ్ళని తీసుకొస్తే కింది అంతస్తు గది ఉందో లేదో ముందు కనుక్కోండి, చాలాచోట్ల ఉండదు. కారు లేకపోతే ఈ ఊళ్ళకి రావడం కష్టం, బస్సు రోజుకి ఒకటో రెండో, ఆదివారం అదీ ఉండదు. చిన్నపిల్లలు రెండు గంటల భోజనానికి కూర్చోలేరు, వాళ్ళకి ముందే పెట్టేయమని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

డబ్బు విషయానికొస్తే, మేము దిగిన చోట్ల ఇద్దరికి గది 80 నుంచి 120 యూరోల మధ్య, రాత్రి భోజనం మనిషికి 28 నుంచి 40 దాకా పడింది. ఓబెర్జ్‌లో ఫలహారం సాధారణంగా విడిగా లెక్కేస్తారు, షాంబ్ర్ దోత్‌లో కలిసే ఉంటుంది. రెండిట్లోనూ మనిషికి, రాత్రికి ఇంత అని ఊరి పన్ను బిల్లు చివర చేరుస్తారు, అది మోసమేమో అని కంగారు పడకండి. భోజనం ధరలోనే సర్వీస్ కలిసి ఉంటుంది, టిప్పు మీ ఇష్టం. పల్లెల్లో కార్డు తీసుకోని షాంబ్ర్ దోత్‌లు ఇంకా ఉన్నాయి, కొంచెం నోట్లు దగ్గర ఉంచుకోండి.

బుకింగ్ సైట్లలో గది దొరికినా సరే, ఒక్కసారి నేరుగా ఫోన్ చేయండి. ఆదివారం రాత్రి, సోమవారం చాలా ఓబెర్జ్‌లలో వంటిల్లు మూసి ఉంటుంది. సైట్ గది అమ్మేస్తుంది, ఆ సంగతి చెప్పదు. మేము ఎప్పుడూ మంగళవారమో, గురువారమో చేరేలా చూసుకుంటాం. ఫోన్ చేయడానికి మంచి టైము మధ్యాహ్నం మూడు నుంచి ఐదు, వంట హడావిడి ఉండదు. ఫ్రెంచ్ రాకపోతే నాలుగు వాక్యాలు రాసుకుని చదివినా ఓపిగ్గా వింటారు. శాకాహారులైతే ఏం తినరో చెప్పడంతో ఆపకుండా ఏం తింటారో కూడా చెప్పండి, పప్పు, దుంపలు, పుట్టగొడుగులు, పాలు, మీగడ అని. ఒక్క "వెజిటేరియన్" అన్న మాట విని చేప పెట్టేవాళ్ళని చూశాను.

కాలం సంగతి. లోత్ లోయకి జూన్ మొదట్లో గానీ సెప్టెంబర్‌లో గానీ రండి. ఒబ్రాక్‌కి మే చివర. మే 25కి దగ్గరి శనాదివారాల్లో ఆవుల్ని పూలతో, జెండాలతో, గంటలతో అలంకరించి కింది ఊళ్ళ నుంచి మైదానం మీదికి తోలుకొస్తారు, చూడాల్సిన పండగ. ఆ రెండు రోజులకి చుట్టుపక్కల గదులన్నీ నెలల ముందే అయిపోతాయి. శీతాకాలం సెలవులు అయ్యాక ఓబెర్జ్ తలుపులు తెరిచిన వారంలోనే ఫోన్ చేస్తే దొరుకుతుంది, వచ్చే ఏడాదికి మాకు ఒక గది అలాగే దొరికింది. ఈసారి నాన్నగారు కూడా వస్తున్నారు, కాబట్టి కింది అంతస్తులోదే తీసుకున్నాం.